మూడో ఫిర్యాదు

వెనక్కి వచ్చిన లారీ నర్సు సైకిల్‌ని గోడకేసి నొక్కేసింది.

చక్రాలు సొట్టపోయాయి. అసలు దెబ్బ బ్యాటరీకి తగిలింది. కొత్తది ఇరవై రెండు వేలట.

ఇంటింటికీ తిరిగి, మంచం పట్టినవాళ్లకి కట్లు మార్చే మనిషి. ఆ బ్యాటరీ సైకిలే ఆమెకి కాళ్లూ చేతులూ.

బీమా ఉందిలే అని ధైర్యంగానే ఉంది. కాగితాలు విప్పాక ఆ ధైర్యం కాస్తా నీరుగారింది.

“నలభై వేల దాకా ఇస్తామని మొదటి పేజీలో ఉంది అత్తయ్యా. విడి సామానుకి అయిదు వేలు దాటదని మూడో పేజీలో ఉంది. ఇంతకీ బ్యాటరీ సైకిలా, సామానా?”

“నన్నడిగితే ఏం చెప్పనే? నా పళ్లసెట్టు నోట్లో ఉంటే పళ్లు, గ్లాసులో ఉంటే సామాను,” అంది అత్తగారు.

మర్నాడు నష్టం లెక్కగట్టడానికి బీమా కంపెనీ సర్వేయరు వచ్చాడు. నలిగిన చొక్కా, నవ్వెరగని మొహం.

“బ్యాటరీ కొన్నప్పుడే ఉందా?”

“లేదండీ. తర్వాత బిగించుకున్నాను.”

“ఎందుకు?”

“ఎందుకేమిటండీ, మోకాలు సహకరించక.”

“మోకాలికి డాక్టరు చీటీ ఉందా?”

నర్సుకి తలాతోకా అర్థం కాలేదు. విరిగింది సైకిలైతే మోకాలి గొడవెందుకు?

“బ్యాటరీ లేకుండా రోజుకి ఎన్నిళ్లు తిరగగలరు? గుట్ట మీది ఇళ్లలో ఎంతమంది పేషెంట్లున్నారు? వాళ్ల అడ్రసులివ్వండి.”

“నేను అబద్ధాలాడుతున్నానా?”

“అలా అనలేదు. అడగడం నా పని. ఏం రాస్తానో ముందే చెప్పకూడదు.”

గంటన్నర సేపు అడిగాడు. గుట్ట ఎక్కే రోడ్డుకి ఫొటోలు తీశాడు. పోతూ పోతూ పక్కింటి తలుపు కూడా తట్టాడు.

“ఈవిడ రోజూ సైకిల్ మీదే పనికెళ్తుందా?”

నర్సుకి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే కంపెనీకి ఫిర్యాదు రాసి పడేసింది.

నాలుగు రోజులకి ఇంకో సర్వేయరు వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, తియ్యటి మాట.

“బ్యాటరీ తర్వాత బిగించిందేనా మేడం?”

“అవునండీ.”

“చాలు.”

మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

“మనిషంటే ఇలా ఉండాలి,” అనుకుంది నర్సు.

వారానికి ఉత్తరం వచ్చింది. బ్యాటరీ విడి సామాను. అయిదు వేలు.

ఉత్తరం పట్టుకుని కంపెనీ ఆఫీసుకి పరుగెత్తింది. కౌంటర్లో ఉన్న గుమాస్తా ఫైలు తిరగేసింది.

“తర్వాత బిగించిందైతే ఇంతేనండీ. అది లేనిదే మీ పని సాగదని రుజువుంటే మాత్రం సైకిల్లో భాగం కిందే లెక్క. అప్పుడు పరిమితి అడ్డురాదు.”

“ఆ రుజువు ఎవరు తేవాలి?”

“సర్వేయరు రాయాలి. మొదటాయన రాశారు కూడా, పదకొండు పేజీలు. మీకు పూర్తిగా ఇవ్వమని. మీరు ఫిర్యాదు చేశారు కదా, ఆ రిపోర్టు రద్దయింది.”

నర్సు కౌంటరు మీదికి వంగింది.

“ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. ఆయన్ని ఒక్కసారి పిలవండమ్మా.”

“ఆయన్ని తీసేశారండీ. మూడు ఫిర్యాదులొస్తే ఇక్కడ అంతే. మీది మూడోది.”

“మరి ముందు ఫిర్యాదు చేసిన ఇద్దరినీ ఆయన ఏం చేశాడు?”

గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“వాళ్లకీ పూర్తిగా ఇవ్వమనే రాశారండీ.”