బుల్లి డాటీ అరెస్టు

ఆ మధ్యాహ్నం న్యూయార్క్‌లో మిసెస్ హబెల్ నడిపే పూటకూళ్ల ఇంట్లో ఉన్నవాళ్లు ఐదుగురు. వంటింట్లో మిసెస్ హబెల్. మెట్ల మీద కూర్చుని బంతులు ఎగరేస్తూ గారడీ ఆస్కార్. ముందు గదిలో ఒప్పందం కాగితంతో థియేటర్ల మేనేజరు కెసెల్‌రింగ్. అతనికి ఎదురుగా గెర్టీ. ఆమె పక్క కుర్చీలో, నేలకందని కాళ్లు ఊపుకుంటూ, పోస్టర్ల మీద 'ఎనిమిదేళ్ల కోయిల' అని అచ్చయ్యే బుల్లి డాటీ.

కుక్కల ఆటకీ గారడీకీ మధ్య చిన్నచిన్న హాళ్లలో పాడీ పాడీ డాటీ విసిగిపోయింది. ఈ సంతకం పడితే దేశమంతా పెద్ద హాళ్లు. పోస్టరు మీద అందరికన్నా పైన పేరు.

“పాడే ఆడవాళ్లు వీధికి పదిమంది. నాకు కావలసింది ఈ పాలబుగ్గలు,” అంటూ కెసెల్‌రింగ్ డాటీ బుగ్గ గిల్లాడు. “మీ అమ్మాయిని పువ్వులా చూసుకుంటామమ్మా.”

“అంతకన్నా ఏం కావాలండీ,” అంది గెర్టీ.

అతను కలం సిరాలో ముంచాడో లేదో తలుపు దబదబ మోగింది. బాలల రక్షణ సంఘం ఇన్‌స్పెక్టరు.

“పదహారేళ్లు నిండని పిల్లలు ఈ ఊళ్లో స్టేజీ మీద పాడకూడదు. నిన్న ఈ పిల్ల ఆట నా కళ్లతో చూశాను. పిల్ల నాతో వస్తుంది. మిగతాది జడ్జిగారు చూసుకుంటారు.”

వంటింట్లోంచి తొంగిచూసిన మిసెస్ హబెల్ ఆప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆస్కార్ చేతిలో బంతి జారి మెట్లన్నీ దిగింది.

“కన్నబిడ్డ కష్టం తినడానికి సిగ్గులేదూ?” ఇన్‌స్పెక్టరు గెర్టీని దులిపేశాడు.

“అయ్యా, అసలు సంగతేమిటంటే...”

డాటీ గెర్టీ కాలు తొక్కింది. కెసెల్‌రింగ్ కేసి చూసింది. కలం ఇంకా అతని చేతిలోనే ఉంది, కాగితానికి తగలకుండా.

“అమ్మా! నాకు భయమేస్తోందే!” అని బావురుమంది.

కెసెల్‌రింగ్ మొహం వెలిగిపోయింది.

“ఏడు తల్లీ, ఇంకాస్త గట్టిగా ఏడు! రేపు ప్రతి పేపర్లోనూ నీ బొమ్మే. పైసా ఖర్చులేని ప్రచారం!” బరబరా సంతకం గీకేశాడు. “జడ్జి వదిలిన మర్నాడే రైలెక్కేద్దాం. మనం పోయే ఊళ్లలో ఈ చాదస్తం లేదు.”

“అక్కడ ఒక్కదానివీ ఎలా ఉంటావే?” గెర్టీ నిజంగానే కళ్లు తుడుచుకుంది.

డాటీ ఆమె మెడ వాటేసుకుని చెవిలో అంది: “నువ్వు నోరు మూసుకుని ఉండు, చాలు. నేను ఉంటాను.”

సంఘంవాళ్ల శరణాలయంలో పొద్దు గుంకకముందే పిల్లలకి పక్కలు వేశారు. మేట్రన్ గ్లాసుడు పాలు తెచ్చింది.

“కాఫీ లేదా?” అంది డాటీ.

“ఈ వయసులో కాఫీయా!” మేట్రన్ నోరు నొక్కుకుంది. “ఎంత చెడగొట్టారే నిన్ను!”

దగ్గరుండి మొత్తం తాగించింది. పక్కలో ఒక గుడ్డబొమ్మ పెట్టింది.

“మళ్లీ ఎప్పుడు పాడనిస్తారు?”

“పడుకో బంగారూ. పెద్దయ్యాక ఎన్నైనా పాడుకోవచ్చు,” అని మేట్రన్ దుప్పటి గడ్డందాకా కప్పి, ఎల్లుండితో ముప్ఫై రెండేళ్లు నిండే డాటీని లోపల ఉంచి తలుపు మూసింది.