ఎడమచేతి మెలిక

"కుర్చీ ఉంది, కూర్చోండి సార్," అంది పాత బొమ్మరైళ్లు బాగుచేసే మెకానిక్. బొమ్మ రైలుపెట్టెను బాగుచేయించడానికి తెచ్చినతను కాలుగాలిన పిల్లిలా షాపంతా తిరుగుతూనే ఉన్నాడు.

"రైలుపెట్టె అసలుదే. విరిగిన కొక్కేన్ని మాత్రం ఎవరో తీగతో కట్టారు."

"కట్టారా? మా అక్క చిన్నప్పుడు కోపంతో విరగ్గొట్టింది. అలిగి అటకెక్కించేశాను, మళ్లీ ముట్టుకోలేదు. అక్కతో మాటలూ అంతంతమాత్రమే."

ఆమె తీగను దీపం కింద తిప్పి చూసింది. "మెలికలన్నీ ఎదురు తిరిగాయి. ఎడమచేతివాటం మనిషి పని. మీ ఇంట్లో ఎవరండీ?"

అతని నడక ఆగింది. "అక్కే."

ఆమె పెట్టెను ఓ ఇంజనుకు తగిలించి లాగింది. అది బుద్ధిగా వెంట వచ్చింది.

"ఈ తీగ పీకేసి కొత్త కొక్కెం వెయ్యనా?"

"ఉండండి." అతను కుర్చీ లాక్కుని ఫోన్ తీశాడు. "అక్కనడిగి చెబుతాను."