మూసేసిన అద్దం

"మా ఆయన రెండు కళ్ళూ తెరుచుకుని కూడా నా మాట వినడు వదినా. అన్నయ్యేమో ఏమీ కనబడకపోయినా నువ్వు చెప్పినట్టల్లా విన్నాడు. ఏం మందు పెట్టావో నాకూ కాస్త చెబుదూ," అంది పక్కింటావిడ.

"నాదేముంది. నడిపింది ఆయన," అంది భార్య తల వంచుకుని.

సోఫాలో కూర్చున్న ఆమె భర్త, రేసు డ్రైవరు, పేపరు పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

కొత్త కారు ప్రచారానికి కంపెనీ వేసిన ఎత్తు అది. కారు అద్దాలన్నిటి మీదా పెద్ద ప్రకటన బొమ్మ అతికించేశారు. బయట ఏముందో లోపలివాళ్ళకు తెలియదు. మీటర్ల మసక వెలుగే దిక్కు. రేసుల్లో అతని పక్క సీట్లో కూర్చుని, రాబోయే మలుపులు ముందుగా చదివి చెప్పేది భార్యే. ఆ చీకట్లో కాగితం చూసి చదవడం కుదరదు. అందుకని ఆమె రోజూ వెళ్ళి ఆ రోడ్డు మీద నడిచింది. మలుపులన్నీ కంఠస్థం చేసింది. ఆమె ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. కారు ఊరి చివర బయల్దేరి, ఊపిరి బిగబట్టిన జనం మధ్య నుంచి దూసుకొచ్చి, స్టేడియం ముందు గీసిన తెల్లగీత మీద ఆగింది.

కొందరు తిట్టారు. నాలుగు కార్లు అమ్ముకోవడానికి ఆలుమగల ప్రాణాలతో చెలగాటమా అని పత్రికలకు రాశారు. ఎక్కువమంది మాత్రం ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. కాలేజీవాళ్ళు నమ్మకం గురించి మాట్లాడమని పిలిచారు. "బావ స్టీరింగు అక్క నోట్లో ఉంది," అని షెడ్డులో మెకానిక్కులు నవ్వుకున్నారు. డాక్టరు మాట కూడా వినని అత్తగారు, కోడలు చెప్పగానే బీపీ మాత్ర వేసుకోవడం మొదలుపెట్టింది.

అతనికి మాత్రం ముద్ద దిగడం లేదు.

ఎందుకంటే అతను చూశాడు.

మొదటి మలుపులో కారు కుదిపిన కుదుపుకు, ముందు అద్దం మీద బొమ్మ చిరిగింది. గోరంత చిరుగు. సరిగ్గా అతని కంటికి ఎదురుగా. కారు ఆపెయ్యచ్చు. ఆపలేదు. చూపు తిప్పుకోవచ్చు. అదీ చెయ్యలేదు. చివరిదాకా ఆ సందులోంచి చూసుకుంటూనే నడిపాడు. ఆమె మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి. వాటి అవసరమే రాలేదు.

ఇంకో సంగతి కూడా అతని గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఒకచోట రోడ్డు మీద రాయి కనబడితే, తప్పించడానికి కాస్త కుడికి లాగాడు. ఆమె "కుడి" అంది. అక్కడ ఉన్నది ఎడమ మలుపు. అతను ఎడమకే తిప్పాడు. "ఎడమ, ఎడమ," అని ఆమె వెంటనే దిద్దుకుంది. ఆమె మొదటి మాటే పట్టుకుని ఉంటే ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడకు గుద్దుకునేవారు. ఆ తప్పు గురించి ఆమెతో అనాలంటే చిరుగు సంగతీ బయటపెట్టాలి.

కంపెనీ మేనేజరు మళ్ళీ వచ్చాడు.

"ఈసారి కొండ రోడ్డండీ. ఒక పక్క లోయ. బొమ్మ అతికించడం కాదు, అద్దానికే నల్లరంగు వేయిస్తున్నాం. చీమ దూరే సందు కూడా ఉండదు. ఏమంటారు మేడం?"

"ఆయన్ని అడగండి," అందామె మెల్లగా.

"చూశారా సార్, ఎంత పేరొచ్చినా ఆ అణకువ," అన్నాడు మేనేజరు.

రేపు చెబుతానని అతన్ని పంపించేశాడు డ్రైవరు.

నోరు మూసుకుంటే, ఆమె ఒక్క మలుపు తడబడినా ఇద్దరూ లోయలో ఉంటారు. నోరు విప్పితే, ఇన్నేళ్ళకు నలుగురూ ఆమె మాటకు ఇచ్చిన విలువ ఉత్తదైపోతుంది. దాన్ని ఉత్తది చేసింది తను.

సాయంత్రం ఆమె బాల్కనీలో ఆరిన బట్టలు తీసి మడతపెడుతోంది. అతను వెళ్ళి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పండి."

"ఆ రోజు నేను నిన్ను నమ్మి నడపలేదు. అద్దం మీద చిరుగుంది. అందులోంచి చూస్తూనే నడిపాను. అందరూ నిన్ను మెచ్చుకుంటుంటే చెప్పడానికి నోరు రాలేదు. నీకు ఎంత కోపమొచ్చినా పడతాను."

అతని చొక్కా చెయ్యి ఒకటి లోపలికి ముడుచుకుపోయి ఉంటే ఆమె బయటికి లాగింది. మడత పెట్టకుండానే దాన్ని ఒళ్ళో వేసుకుని స్టూలు మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె మనసు విరిచేశాననుకున్నాడు అతను.

"మీరు అలా కుమిలిపోకండి. నాకే ఇన్నాళ్ళూ మీ మొహం చూసే ధైర్యం లేకపోయింది," అంది.

"నీకెందుకు?"

"మొదటి మలుపు దాటేసరికే నాకు దారి మొత్తం మరుపొచ్చేస్తే, మీ కంటి మీద వెలుగు పడటం చూసి, మీ చేతులు ఎటు తిరిగితే అటే చెప్పుకుంటూ వచ్చానండీ."