చిర్ర దెబ్బ

ముందు గంగాధర్ డప్పు చిరిగింది.

ఆ తర్వాతే ఇంకొకడి తల పగిలింది.

వుడ్‌ల్యాండ్స్ అనే పరాయిదేశపు పేటలో జూన్ సెలవుల ఊరేగింపు అది. కంప్యూటర్ ఉద్యోగాలకని మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులు. పొద్దంతా కుర్చీకి అతుక్కుని కూర్చునే గంగాధర్, తనలాంటివాళ్ళని పోగేసి డప్పుల జట్టు కట్టాడు. డప్పులు ఊరినుంచి తెప్పించారు. వాటిని చర్మం బిగిసేలా కాచుకుందామంటే ఫ్లాట్ల కింద మంట వెయ్యనివ్వరు కదా, ఆడవాళ్ళు జుట్టు ఆరబెట్టుకునే మిషన్లతో కాచేవారు.

ఆ వైభోగం చూసి గంగాధర్ తల్లి అరుణమ్మ నవ్వలేక చచ్చేది.

"డప్పుకి తలంటు పోశార్రా?" అనేది.

ఆ రోజు వీళ్ళ ముందు ఉరుమి మేళం కుర్రాళ్ళు, వంపు పుల్లతో రుద్ది మోగించే తమిళ డోళ్ళ వాళ్ళు, నడుస్తున్నారు. నల్ల చొక్కాలు. తాతల నాడే ఆ ఊరొచ్చి స్థిరపడినవాళ్ళ పిల్లలు. తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడతారు. వాళ్ళ పక్కనే నీళ్ళ సీసా పట్టుకుని ఒక నడివయసు మనిషి నడుస్తున్నాడు.

మలుపు దగ్గర ఉరుమి వాళ్ళు ఆగి, గుండ్రంగా చేరి వాయించడం మొదలెట్టారు.

వెనకవాళ్ళు ఆగాలి. గంగాధర్ ఆగలేదు. దరువు పెంచాడు.

వాళ్ళూ పెంచారు.

ఇటు డప్పులు, అటు ఉరుములు. జనం ఈలలు వేశారు. ముందు ఎవరు ఆపితే వాళ్ళు ఓడినట్టని ఎవరూ చెప్పలేదు గాని, అందరికీ తెలిసిపోయింది. గంగాధర్ వేళ్ళు చిట్లి డప్పు అంచంతా ఎరుపెక్కింది. అయినా ఆపలేదు.

అప్పుడు ఉరుమి కుర్రాడొకడు నడుచుకుంటూ వచ్చి, చేతిలోని వంపు పుల్లని గంగాధర్ డప్పులోకి ఒక్క పోటు పొడిచాడు. చర్మం నిలువునా చిరిగింది.

"పో అంకుల్, ఇంటికెళ్ళి టైపు కొట్టుకో లా," అన్నాడు ఆ ఊరి యాసలో.

ఇంకేముంది. రెండు జట్లూ కలబడ్డాయి. బెల్టులు ఊడాయి. డప్పులే డాళ్ళయ్యాయి. ఎవరిదో పన్ను రోడ్డు మీద పడింది. మనవరాలు ఆమనిని పొట్టకి అదుముకుని అరుణమ్మ బస్‌స్టాప్ స్తంభం చాటుకి పోయింది. అక్కడినుంచే చూసింది.

డప్పు చింపిన కుర్రాడు అటు తిరిగి ఎవరినో నెడుతున్నాడు. గంగాధర్ వెనకనుంచి వచ్చాడు. చేతిలోని చిర్రని, డప్పు వాయించే లావుపాటి కర్రని, బలంకొద్దీ ఎత్తి తల వెనక కొట్టాడు.

కుర్రాడు కాలిబాట అంచు మీద పడ్డాడు. మళ్ళీ లేవలేదు. నెత్తురు కాలవలోకి పారింది.

ఆ గలాటాలో ఆ దెబ్బని ఇద్దరే చూశారు. ఒకరు అరుణమ్మ. రెండో వాడు నీళ్ళ సీసా మనిషి.

కుర్రాడు పడి ఉండటం చూసి నల్ల చొక్కాలు డప్పుల వాళ్ళని చుట్టుముట్టాయి. ఒకడు ఊరేగింపు బండికి కట్టిన ఇనుప కమ్మీ పీకాడు. ఎవడు కొట్టాడో చెప్పండి, లేకపోతే ఆడామగా చూడం అన్నాడు.

అరుణమ్మ చెయ్యి విడిపించుకుని ఆమని పరుగెత్తింది. వెళ్ళి తండ్రి మోకాళ్ళు కరుచుకుంది.

నీళ్ళ సీసా మనిషి పడి ఉన్న కుర్రాడిని చూశాడు. ఆ పిల్లని చూశాడు. గంగాధర్ దగ్గరికి వచ్చి, అతను వీపు వెనక దాచుకున్న చిర్రని నెమ్మదిగా లాక్కున్నాడు.

"నేనే కొట్టినాను," అన్నాడు. "ఎవురినీ ముట్టొద్దు."

కమ్మీ కిందికి దిగింది. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కడూ ఆయన మీద చెయ్యెత్తలేదు.

ఆ మనిషి మోకాళ్ళ మీద కూలబడి, భుజం మీది తువ్వాలు కుర్రాడి తల కింద పెట్టాడు. సీసాలోని నీళ్ళు వాడి పెదాల మీద పోశాడు. సగం కింద పోయాయి.

పోలీసులు వచ్చారు. కొట్టింది ఈయనేనా అని గంగాధర్‌ని అడిగారు.

గంగాధర్ కూతురి తల మీద చెయ్యి వేసుకున్నాడు.

"యెస్," అన్నాడు.

అరుణమ్మ నోరు తెరిచింది. కొడుకు ఒక్క చూపు చూశాడు. మూసుకుంది.

ఇంటికొచ్చాక గంగాధర్ చాలా చెప్పాడు. నిజం తెలిస్తే ఉద్యోగం పోతుందన్నాడు, జైలన్నాడు, పిల్ల వీధిన పడుతుందన్నాడు.

"వాడెవడో తాగుబోతమ్మా. వదిలెయ్."

"తాగినవాడి చేతిలో నీళ్ళ సీసా ఎందుకుంటుందిరా?" అంది అరుణమ్మ.

ఆ మనిషికి జైలు పడిందని, అక్కడి చట్టం ప్రకారం బెత్తం దెబ్బలు కూడా పడ్డాయని తెలిసింది. ఆ పూట అరుణమ్మ కంచం ముందునుంచి లేచిపోయింది. నీ దెబ్బలు ఎవరో తిన్నార్రా, ఒక్కసారి వెళ్ళి కాళ్ళ మీద పడిరా అని ఎన్నిసార్లు అడిగిందో. తర్వాత వెళ్తానులే అన్నాడు గంగాధర్. తర్వాత తర్వాత అంటూనే ఏడాది తిరిగింది.

మళ్ళీ జూన్. అదే రోడ్డు. గంగాధర్ మెడలో కొత్త డప్పు.

ఎదురుగా ఆ కుర్రాడు, మెడలో ఉరుమి. తల వెనక వెంట్రుక మొలవని మచ్చ.

గంగాధర్ ఆపేలోపే అరుణమ్మ రోడ్డు దాటేసింది. అతను వెనకే ఉరికాడు.

"నాయనా, నిన్ను కొట్టినానని ఒప్పుకుని జైలుకి పోయాడే, ఆయన బయటికొచ్చాడా?" అని అడిగింది ఆమె. "ఒక్కసారి చూడాలి. ఇంటికి పిలిచి అన్నం పెట్టుకోవాలి."

కుర్రాడు మచ్చ తడుముకున్నాడు. గంగాధర్ వంక చూశాడు గాని, ఆ చూపులో కోపమేమీ లేదు. అతనెవరో కూడా గుర్తున్నట్టు లేదు.

"వచ్చినాడు, నెలకే చనిపోయినాడు అవ్వా," అన్నాడు. "నన్నెందుకు కొట్టినావని ఎంత అడిగినా చెప్పలేదు, ఆ కోపంలో చివరిదాకా నేను మా నాన్నతో మాట్లాడనేలేదు."