కారు చూసిన మనిషి

సర్వీసింగ్ నుంచి లారీ మీద వచ్చిన కారు గేటు దాటనంది.

"ఎదురుగా ఎవరో మనిషి వేలాడుతున్నాడండీ," అంది.

లోపల కూర్చున్న హైమావతి తొంగి చూసింది. వీధిలో ఎవరూ లేరు. డయాలసిస్ అయిపోయి తండ్రి ఆస్పత్రిలో ఎదురుచూస్తున్నాడు. తనే నడుపుకుపోదామంటే స్టీరింగులున్న కార్లు పోయి చాలా కాలమైంది. ఆటోనగర్ షెడ్డుకి ఫోన్ చేసింది.

"దీని కళ్ళు కొట్టేసి పాతవి తగిలించారు కదూ? నిజం చెప్పండి!"

"అంత మాటనకండి మేడమ్! అన్నీ ఒరిజినలే," నొచ్చుకున్నాడు మెకానిక్ మస్తాన్‌రావు. "పైగా అడక్కుండానే దిష్టిదండ కూడా కట్టాం."

ఆమె దిగి చూసింది. కారు కెమెరా ముందే దిష్టిదండ ఊగుతోంది. నిమ్మకాయ తలలా ఉంది, దాని కింద పచ్చిమిరపకాయలు కాళ్ళూ చేతుల్లా ఉన్నాయి. షెడ్డువాళ్ళని తిట్టుకుంటూ దాన్ని పుటుక్కున తెంపి, మురిక్కాలవలోకి విసిరేసి, ఎక్కి కూర్చుంది.

"ఇక పద."

తలుపులకి టక్కున తాళాలు పడ్డాయి.

"ఆ మనిషిని మీరేం చేశారో చూశానండీ," అంది కారు, అంతే మర్యాదగా. "పోలీసులకి చెప్పాను. వచ్చేదాకా కదలకండి."