జర ఆగి కురువు సామీ

శ్రావణం సగమైనా చినుకు రాలలేదు. వేపమండల నడుమ కప్పను కట్టిన రోకలిని ఇద్దరు పిల్లలు చెరొక కొసా భుజాన మోస్తుంటే, ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి పాడారు. వానొస్తుందన్న నమ్మకంతో ఒక్క ఇల్లు తప్ప అందరూ కప్పతల్లి మీద చెంబెడు నీళ్లు పోశారు. ఆకాశం కదలలేదు.

తప్పు పాటదేనని ఊరిపెద్ద రాయమల్లు తేల్చాడు. పాట కట్టింది శంకరవ్వ. నాలుగేళ్ల కిందట గోదావరి అవతలి నుంచి వచ్చి, బీడీలు చుట్టుకుంటూ ఒంటరిగా బతుకుతున్న మనిషి.

“జర ఆగి కురువు సామీ అంటివి. గాయన ఆగిండు. గా ఆఖరి చరణం తీసెయ్యి అవ్వా.”

“తియ్య. గంతగనం అయితే పాటే బందు వెడ్త.”

పాట లేనిదే కప్పతల్లి ఆట సాగదు. తగవు, రోకలి మోసే పిల్లలతో సహా, వీధి చివరి పెంకుటింటికి చేరింది. అక్కడ శ్యాంసుందర్‌రావు ఉంటాడు. గోదావరి అవతల లక్సెట్టిపేటలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసి, ఉద్యోగం వదులుకుని, పుస్తకాల పెట్టెలతో ఈ ఊరు చేరినవాడు. ఎవరితోనూ కలవడు. కప్పతల్లి గుమ్మం ముందుకు వచ్చిన రోజు కూడా తలుపు తీయలేదు.

“సారూ, గీ చరణం ఉండాల్నా, పోవాల్నా? జర అర్థం చెప్పుండ్రి. మీరెట్లంటే గట్లనే,” అన్నాడు రాయమల్లు.

శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “సారు ముందట నేను పాడ.”

“ఊరంత పాడితివి, ఈడికొచ్చి సిగ్గు పడవడ్తివి?” రాయమల్లు నవ్వాడు.

“పాడు శంకరవ్వా,” అన్నాడాయన.

ఆమె తలదించుకుని పాడింది.

“ఎండ గొట్టి నేల నెర్రెలిడిస్తివి,
వాన గొట్టి ఊరు ముంచితివి,
పిల్లగాండ్లు వాగు దాటి ఇల్లు చేరినంక
జర ఆగి కురువు సామీ.”

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తరగతిలో చెప్పినట్టే చెప్పాడు.

“మొదటి రెండు పాదాలూ నింద. ఎండకైనా వానకైనా దేవుడికి కొలత తెలియదని ఫిర్యాదు. తరువాతిది ప్రార్థన. వాగంటే సంసారం. పిల్లలంటే జీవులు. వాన వద్దనడం లేదు. వాళ్లు ఒడ్డు చేరేదాకా ఓపిక పట్టమంటున్నది. అది తీసేస్తే మిగిలేది తిట్టు. తిట్టుకు ఏ దేవుడు కరుగుతాడు?”

“గింత లోతున్నదా సారూ? మేం ఉట్టి వాగే అనుకుంటిమి.”

“ఉట్టి వాగు కాదు.” కళ్లద్దాలు పెట్టుకున్నాడు. “ఆ చరణం ఎవ్వరూ తీయొద్దు.”

రాయమల్లు ఒప్పుకున్నాడు. పిల్లలు మళ్లీ రోకలి ఎత్తుకున్నారు. శ్యాంసుందర్‌రావు లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు. కప్ప మీద సగమే పడ్డాయి. వెనుక కొస మోస్తున్న అమ్మాయి తల మీద చెయ్యి ఉంచాడు.

“వాన మొదలైతే ఎక్కడున్నదానివి అక్కడే ఆగు, తల్లీ.”

శంకరవ్వ అటు చూడలేక పాట అందుకుంది.

నాలుగేళ్ల కిందట అవతలి ఊళ్లో, ఆమె వానడిగి పాడిన సాయంత్రమే పొంగిన వాగు కప్ప రోకలితో సహా లాక్కుపోయిన ఇద్దరు పిల్లల్లో ఒకడు శంకరవ్వ మనవడు, రెండవది శ్యాంసుందర్‌రావు కూతురు.