దురద

“గట్టిగ పట్టుకోమ్మా,” అన్నాడు పటాన్‌చెరు పశువుల దవాఖాన డాక్టరు.

ఆగమ్మ కోడిపెట్టను చంకలో అదిమి పట్టుకుంది. దాని ఎర్రటి తురాయి నిండా సున్నం చల్లినట్టు తెల్లటి పొక్కులు. డాక్టరు గోటితో గీకి చూశాడు.

“బూజు తెగులు ఇది. కోళ్ల తోలు మీద బతుకుతది. వాటిని పట్టుకునే మనుషులకు గూడ అంటుతది.”

ఆగమ్మ భర్త నర్సన్న మెడ మీది మచ్చను బరబరా గీక్కుంటూ ముందుకొచ్చాడు. “గిదేనా సార్? మా ఆమె చేతి మీద గూడ మచ్చ లేసింది. పెద్దరోగం, కుష్టు అని మా అమ్మ ఆమెకు తినే తలె, తాగే చెంబు వేరు పెట్టింది. కంపెనీ క్యాంటీన్ల పనికి గూడ ఆమెను రానిస్తలేరు.”

“దురద ఉంటె గిదే. మందు రాస్తె పోతది. దురద, నొప్పి ఏదీ తెల్వకుంటెనే పరేషాన్. గప్పుడు పెద్ద దవాఖానకు పోవాలె.”

“నాకైతే దురద పానం తీస్తున్నది సార్!” చాలా నెలల తర్వాత నర్సన్న నవ్వాడు. “ఏమే, ఇయ్యాల అందరం ఒక్కకాడనే తిందం. నీకు గూడ దురదనే గదా?”

ఆగమ్మ తల వంచి చూసింది. బెదిరిన పెట్ట ఎప్పుడు గోళ్లు దింపిందో, ముంజేతి మచ్చ మీంచి నెత్తురు కారుతోంది. చీర తడిసేదాకా ఆమెకు తెలియనే లేదు.

చేతి మీదికి కొంగు లాక్కుంది.

“మస్తు దురద సార్,” అంది. భర్త ఎట్లా గీక్కుంటున్నాడో ఒకసారి చూసి, కొంగు మీంచి అచ్చం అట్లాగే గీక్కోసాగింది.